త్రాగునీరు - ఎముకల రోగము

ఎద్దును బేరమాడబోవు రైతు మొట్టమొదట చేయు పని దాని నోరు తెఱచి పండ్లు చూచుట. రెండు పండ్లదా, నాలుగు పండ్లదా, ఆఱు పండ్లదా అని లెక్కించి వయస్సు తేల్చును. పండ్లు ఈడునకు మించి అఱిగియున్నచో వెల తగ్గించును, లేదా పగ్గము యజమాని చేతికిచ్చి లేచి వచ్చును. ఒంగోలు జాతి పశువులకు పుట్టినిల్లైన మన సీమలో ఈ విద్యను ఒకరు నేర్పవలసిన పని లేదు. కాని ఆ రైతే తన యింటిలోని తొమ్మిదేండ్ల పిల్లవానిని వెలుతురున నిలిపి పండ్లు చూచుట అరుదు. చూచినచో, పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతముల మెట్ట గ్రామములందును, వినుకొండ వైపు కొన్ని యూళ్లయందును, ముందరి పండ్లపై సుద్దముక్క రాచినట్లు తెల్లని మచ్చలును, అడ్డముగా పసుపు లేక గోధుమవన్నె చారలును కనబడును. సరిగా తోమకపోవుటచేత వచ్చినవని తల్లి మందలించును. అవి తోమిన పోవునవి కావు. ఆ యూరి బావి ఆ బిడ్డ నోట వ్రాసిన లెక్క యది.

ఈ రోగమునకు ఫ్లోరోసిసు అని పేరు. నీటిలో కరగియుండు ఫ్లోరైడు దీనికి కారణము. అది పురుగు కాదు, క్రిమి కాదు, ఒకరినుండి యొకరికి అంటునది కాదు. పశ్చిమపు మెట్టలలో మన్ను క్రింద నున్న గ్రానైటు జాతి రాళ్లలో ఫ్లోరైడు గల ఖనిజములు కలవు. వానలు తక్కువగుటచే భూగర్భమందలి నీరు ఆ రాతి పగుళ్లలో ఏండ్ల తరబడి నిలిచియుండి, ఆ ఖనిజములను కొంచెము కొంచెముగా కరగించుకొనును. నీటిలో సున్నపు పాలు తక్కువై, చౌటి పాలు ఎక్కువైనకొలది ఫ్లోరైడు మఱింత సులభముగా కరగును. ఇక్కడ మన పెద్దల అనుభవము ఒక చిక్కులో పడుచున్నది. పప్పు త్వరగా ఉడికిన నీరు మంచినీరని మన యిండ్లలో చిరకాలముగా నున్న పరీక్ష. సున్నము తక్కువగు నీటిలోనే పప్పు త్వరగా ఉడుకును, అట్టి నీటిలోనే ఫ్లోరైడు అధికముగా ఉండుటకును అవకాశము కలదు. రంగు లేదు, వాసన లేదు, ఆ కొలది పరిమాణమున రుచియు లేదు. ఒకే యూరిలో తూర్పు బావి నీరు నిర్దోషమై పడమటి బోరు నీరు హానికరమై యుండవచ్చును. లోతుగా వేసిన బోరు శుద్ధమైన నీరిచ్చునను నమ్మకమునకు ఈ విషయమున ఆధారము లేదు. పెక్కుచోట్ల లోతునకు పోయినకొలది ఫ్లోరైడు పెరిగినది.

ఈ సంగతి బయటపడిన చరిత్ర మన సభ్యులు తెలిసికొనదగినది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్సు పట్టణమునకు 1901లో వచ్చిన ఫ్రెడరికు మెకే అను దంతవైద్యుడు అచ్చటి పిల్లల పండ్లపై గోధుమవన్నె మచ్చలు చూచి, దీనికి నీరే కారణమై యుండునని తలచి, ముప్పది సంవత్సరములు దాని వెంట తిరిగెను. తుదకు 1931లో చర్చిల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు అట్టి నీళ్లలో ఫ్లోరైడు కలదని తేల్చెను. 1932లో డెన్మార్కు దేశమున క్రయోలైటు అను ఖనిజమును నూఱు కార్మికుల ఎముకలు వింతగా దట్టములై యుండుట ఇద్దఱు వైద్యులు కనిపెట్టిరి. వారు ధూళిని పీల్చినవారు. త్రాగునీటివలననే మానవుని ఎముకలకు అట్టి గతి పట్టగలదని మన దేశమున మొట్టమొదట ఋజువైనది ఎక్కడ? మన యీ సీమలోనే.

పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పుడు మదరాసు రాజధానిలో నెల్లూరు జిల్లాయందుండెను. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినవి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టబడినది. ఆ తాలూకాలలో నడుము వంగక, మెడ తిరుగక, కొయ్యవలె బిగిసిపోయిన మనుష్యులు పెక్కుమంది యున్నట్లు తెలిసి, మదరాసు దగ్గఱి గిండీలోని కింగు ఇన్‌స్టిట్యూటు డైరెక్టరు షార్టు, ఆయన తోడివారు సి. జి. పండిట్, నీటి పరీక్షలయందు నిపుణుడైన టి. ఎన్. ఎస్. రాఘవాచారి విచారణ సాగించిరి. రోగుల ఎముకలకు ఎక్స్-రే చిత్రములు తీయబడెను. మదరాసులో ఎక్స్-రే విద్యకు పునాది వేసిన బార్నార్డు ఈ పనిలో పాల్గొనెను. నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిసును గూర్చిన వారి వ్యాసము 1937లో ఇండియన్ మెడికల్ గెజెటు అను వైద్యపత్రికలో వెలువడినది. నేటికిని దేశ విదేశముల వైద్యులు ఈ రోగమును గూర్చి వ్రాయునపుడు ఆ వ్యాసముతోనే ఆరంభింతురు. మన పూర్వుల వెన్నెముకలు ప్రపంచమునకు పాఠమైనవి. ఆ పాఠము వారి మనుమలకు అందినదా యనునదే ప్రశ్న.

వారు వర్ణించిన రోగలక్షణములు మన గ్రామములలో వృద్ధులను చూచినవారికి క్రొత్తవి కావు. మొదట కాళ్లు చేతులు తిమ్మిరెక్కును, జివజివలాడును. తరువాత నడుమున నొప్పి, బిగువు మొదలగును. ఆ బిగువు మెల్లగా వీపునకును మెడకును ప్రాకును. వెన్నుపూసలు ఒకదానితో నొకటి అతుకుకొని వెన్నంతయు ఒకే కఱ్ఱయైనట్లుండును. ప్రక్కకు చూడవలసినచో మనిషి మొత్తము తిరుగవలయును. ప్రక్కటెముకలు బిగిసి, ఊపిరి తీయునపుడు రొమ్ము లేవక పొట్ట మాత్రమే కదలును. మిక్కిలి ముదిరిన వారిలో ఎముక లోపలికి పెరిగి వెన్నుపామును నొక్కగా కాళ్లు పడిపోవును. ఇదంతయు ఒక యేడాదిలో జరుగునది కాదు. ఇరువది ముప్పది సంవత్సరముల పని. అందువలననే బావికిని రోగమునకును గల సంబంధము కంటికి తట్టదు. నిన్న త్రాగిన కల్లు నేడు తలనొప్పి తెచ్చినచో కారణము అందఱికి తెలియును. ముప్పదియేండ్ల క్రిందట మొదలిడిన నీరు నేడు నడుము పట్టినచో, వాతమనియు, గ్రహచారమనియు, పూర్వజన్మ పాపమనియు చెప్పుకొందురు.

ఇక ఎముకలో జరుగునది యేమి? ఎముక ఎండుకట్టె వంటి జడపదార్థమని మనము తలతుము. అది పొరపాటు. ఎముక సజీవమైన కణజాలము. అందు రెండు తెగల జీవకణములు ఎడతెగక పనిచేయుచుండును. ఒక తెగ పాత ఎముకను కొంచెము కొంచెముగా కరగించి తీసివేయును. రెండవ తెగ ఆ చోట క్రొత్త ఎముకను కట్టును. ఏటేట కాలువగట్టు బలహీనపడిన చోట త్రవ్వి మఱల మన్నువేసి దట్టించు పనివారివంటివి యీ కణములు. పెద్దవారిలో ఏటికి సుమారు పదవవంతు ఎముక ఈ విధముగా క్రొత్తదగును. కట్టుబడికి వాడు సరకు ముఖ్యముగా సున్నము, భాస్వరము గల ఒక స్ఫటికము.

త్రాగిన నీటితో కడుపులో చేరిన ఫ్లోరైడు రక్తమున కలియును. పెద్దవారిలో సుమారు సగము మూత్రమున వెడలిపోవును. తక్కినది ఎముకకు చేరును. ఎదుగుచున్న బిడ్డలలో ఎముకకు చేరు వంతు ఇంకను ఎక్కువ. దేహములో నిలిచియున్న ఫ్లోరైడులో నూటికి 99 వంతులు ఎముకలయందును పండ్లయందునే ఉండును. అచ్చట అది స్ఫటికములోని ఒక భాగమును తొలగించి తాను ఆ స్థానమున కూర్చుండును. అంతటితో నిలువక, కట్టెడు కణములను పురికొల్పును. అవి అవసరమునకు మించి, క్రమము తప్పి, ఎముకను కట్టుకొనిపోవును. ఎముక లావెక్కును, అంచులయందు ముండ్లవంటి మొలకలు పుట్టును, ఎముకను ఎముకతో బిగించు నరముల వంటి కట్లు, మెత్తగా నుండవలసినవి, గట్టిపడి ఎముకలుగా మాఱును. ముంజేతి రెండెముకల నడుమ నుండు పలుచని పొర ఎక్స్-రేలో తెల్లగా గట్టిపడి కనబడినచో వైద్యుడు దాదాపు సంశయము లేక ఫ్లోరోసిసని చెప్పగలడు.

ఎముక దట్టమైనచో బలము గదా యని కొందఱు అడుగవచ్చును. ఈ సందేహము రైతులకే కాదు, గొప్ప వైద్యులకును కలిగినది. ముసలితనమున ఎముకలు గుల్లబాఱిన స్త్రీలకు ఫ్లోరైడు నిచ్చినచో ఎముకలు గట్టిపడునని తలచి, అమెరికాలోని మేయో క్లినిక్కు వైద్యులు 202 మంది స్త్రీలపై నాలుగేండ్లు పరీక్ష చేసి, 1990లో ఫలితము ప్రకటించిరి. ఫ్లోరైడు పుచ్చుకొనినవారి నడుము ఎముకల సాంద్రత నూటికి 35 వంతులు పెరిగెను. అయినను వెన్నుపూసలు విఱుగుట తగ్గలేదు. తక్కిన ఎముకలు విఱుగుట మఱింత హెచ్చెను. తడి చాలని మన్ను ఎంత యెత్తు పోసినను గట్టు నిలువనట్లే, కణములు క్రమము తప్పి కట్టిన ఎముక లావుగానున్నను పెళుసైపోవును.

పండ్లలో జరుగునది వేఱు. పంటిపై మెఱయు పింగాణి పొరను కట్టు కణములు చిగురు లోపల, పన్ను బయటికి రాకముందే తమ పని ముగించి నశించిపోవును. అవి పని చేయుచున్న కాలమున రక్తమున ఫ్లోరైడు అధికముగా ఉన్నచో పొర పూర్తిగా గట్టిపడక, సూక్ష్మమైన రంధ్రములతో మిగిలిపోవును. పన్ను వచ్చిన తరువాత ఆ రంధ్రములలో రంగు చేరి గోధుమవన్నె చారలగును. కట్టిన కణములే లేవు గావున ఆ లోపమును దేహము మఱల సవరించుకొనలేదు. సుమారు ఎనిమిదవ యేటికి జ్ఞానదంతములు తప్ప తక్కిన పండ్ల పింగాణి పని ముగియును. ఆ వయస్సు దాటిన తరువాత చెడ్డనీరు త్రాగినను ఆ పండ్లపై క్రొత్త చారలు పడవు.

దీనినుండి తెలియు రెండు సంగతులను గ్రామస్థులు గట్టిగా పట్టుకొనవలయును. ఒకటి: చారలుగల పండ్లు ఆ మనిషి చిన్ననాడు త్రాగిన నీటిని తెల్పునే కాని, వంశమున దోషము కలదని తెల్పవు. పండ్లు చూచి పెండ్లికూతురిని కాదని లేచిపోవు పెద్దలున్నారు. ఆమె కనబోవు బిడ్డకు ఆ చారలు రావు. ఆ బిడ్డ మంచినీరు త్రాగినంతకాలము ఆ భయము లేదు. రెండవది దీనికి మాఱు. కాలువక్రింది గ్రామమునుండి మెట్ట గ్రామమునకు కాపురమునకు వచ్చిన కోడలి పండ్లు ముత్యములవలె నుండును. అందుచేత ఆమెకు రోగము లేదనుకొనరాదు. ఆమె ఎముకలు వచ్చిన నాటినుండి ఆ బావి ఫ్లోరైడును కూడబెట్టుచునే యుండును. పండ్లలో లెక్క వ్రాయు కాలము ముగిసినది గావున ఆమె విషయమున హెచ్చరించు గుఱుతే లేదు.

పశువుల విషయమును ఇక్కడనే చెప్పుట యుక్తము. 1930 తరువాతి తొలి సంవత్సరములలోనే దక్షిణ దేశమున పశువులకు ఈ రోగము గలదని పశువైద్యులు గుర్తించిరి. పండ్లు నల్లనై ఒకవైపు పల్లముగా అఱిగిపోవుట, కాళ్ల ఎముకలపై బుడిపెలు లేచుట, కారణము కానరాక కుంటుట దీని లక్షణములు. చెడిన పండ్లతో చల్లని నీరు త్రాగుటకు పశువు జంకును. ఇట్టి ఆవు పాలు బిడ్డలకు పోయవచ్చునా యని అడుగువారు కలరు. ఆవు పుచ్చుకొనిన ఫ్లోరైడు దాని ఎముకలలో నిలుచునే కాని పాలలోనికి దిగునది బహుస్వల్పము; నిరభ్యంతరముగా పోయవచ్చును.

ఎంత నీరు, ఎంత ఫ్లోరైడు అనునది ఇప్పుడు లెక్క చూతము. మన దేశపు ప్రమాణముల సంస్థవారు లీటరు నీటికి 1 మిల్లిగ్రాము వఱకు మంచిదనియు, వేఱు నీటివసతి లేనిచోట 1.5 మిల్లిగ్రాముల వఱకు ఓర్వవచ్చుననియు నిర్ణయించిరి. వేయి లీటర్ల తొట్టిలో ఒకటిన్నర గ్రాము, అనగా చిటికెడు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2002లో భారత, చైనా దేశముల రోగులపై జరిగిన పరిశోధనలను కూడగట్టి, దినమునకు అన్ని విధముల కలిపి 14 మిల్లిగ్రాములు పుచ్చుకొనువారికి ఎముకల ఫ్లోరోసిసు స్పష్టముగా కలుగుననియు, 6 మిల్లిగ్రాములు దాటినప్పటినుండియే ప్రమాదమునకు సూచనలు కలవనియు చెప్పిరి. లీటరునకు 3 మిల్లిగ్రాములున్న బావిని తీసికొందము. నీడపట్టున కూర్చుండి రెండు లీటర్లు త్రాగు గుమాస్తాకు ఆ బావినుండి చేరునవి 6 మిల్లిగ్రాములు. ఫాల్గుణ చైత్రముల యెండలో మిరపకాయలు కోయు కూలి, పత్తి తీయు స్త్రీ, దినమునకు అయిదు లీటర్లు త్రాగుదురు. వారికి చేరునవి 15. ఒకే బావి గుమాస్తాకు అనుమానము, కూలికి నిశ్చయము. వేసవి పనివారి దేహమును దృష్టియందుంచుకొనక, చల్లని దేశముల లెక్క మనకు చాలునని చెప్పుట న్యాయము కాదని మా యభిప్రాయము. ఆ నీటితో కాచిన తేనీరు మఱింత కలుపును, ఏలయన తేయాకులోనే ఫ్లోరైడు విస్తారముగా కలదు.

ఒకే బావి నీరు త్రాగిన ఇరువురిలో ఒకడు వంగిపోవుటయు, ఒకడు నిలబడియుండుటయు కలదు. దీనిని 1940లోనే పండిట్, రాఘవాచారి ప్రభృతులు విచారించి, తిండి చాలని పేదలలో రోగము తీవ్రముగా నుండుట గమనించిరి. హైదరాబాదు సంస్థానమున నల్లగొండ జిల్లా రోగులను పరీక్షించి సిద్దిఖీ అను వైద్యుడు 1955లో ఒక వ్యాసము ప్రకటించెను. తరువాత 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి, ఫ్లోరైడు నీరు త్రాగు గ్రామములలో మోకాళ్లు లోపలికి ఒరసుకొని పాదములు దూరముగా పడు పిల్లలను గూర్చి వ్రాసిరి. వారి ఎముకలు కొన్నిచోట్ల దట్టములు, కొన్నిచోట్ల గుల్లలు. ఆహారమున సున్నము చాలని బిడ్డకు ఫ్లోరైడు తోడైనచో బరువు మోయు కాళ్ల ఎముకలే ముందు వంగును. సున్నము గల ఆహారముతో ఫ్లోరైడు కడుపులో చేరినచో కొంత భాగము సున్నమునకు అంటుకొని మలమున పోవును. కావున పిల్లలకు పాలు, మజ్జిగ, రాగులు, ఆకుకూరలు, ఉసిరి, జామ వంటివి పెట్టుట ఊరక చెప్పు నీతి కాదు. పోషకాహార సంస్థవారే 2002లో మఱియొక పరీక్ష ఫలితము ప్రకటించిరి: బాలురకు దినమునకు 10 గ్రాముల చింతపండు పెట్టగా మూత్రమున వెడలు ఫ్లోరైడు పెరిగినది. మన పులుసునకు ఇది మెచ్చుకోలే. అయినను చింతపండు తిన్నంత మాత్రమున చెడ్డబావి మంచిబావి కాదు.

రోగము ముదిరిన తరువాత మందు లేదు. ఎముకలో చేరిన ఫ్లోరైడును తీసివేయు ఔషధము నేటివఱకు కనుగొనబడలేదు. ఈ మాట నిర్దయగా తోచినను చెప్పక తప్పదు, ఏలయన దీనిని మఱచినవారే ఏండ్ల తరబడి కీళ్లనొప్పుల బిళ్లలకు డబ్బు పోయుచున్నారు. ఆ బిళ్లలను వైద్యుని సలహా లేక దీర్ఘకాలము మ్రింగినచో మూత్రపిండములు చెడవచ్చును. మూత్రపిండములు చెడినచో ఫ్లోరైడును బయటికి పంపు దారియే మూసికొనిపోయి ఎముకకు మఱింత చేరును. నీరు మార్చినచో మాత్రము మేలు కలదు. క్రొత్త ఫ్లోరైడు చేరుట నిలిచి, పాతది సంవత్సరముల మీద మెల్లగా వెడలును. తొలిదశలోని నొప్పులు పలువురికి తగ్గును. అతుకుకొనిన వెన్ను విడివడదు.

నీరు మార్చుట యెట్లు? మొదట ఒక దురభిప్రాయము తొలగవలయును. నీటిని కాచినచో క్రిములు చచ్చును, ఫ్లోరైడు పోదు. ఆవిరియై పోయినంత నీరు తగ్గి, మిగిలిన నీటిలో దాని పాలు పెరుగును. గుడ్డతో వడగట్టుట, క్లోరిను కలుపుట కూడ దీనికి పనికిరావు. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థవారు 1970 తరువాతి దశాబ్దమున కనిపెట్టిన పద్ధతికి నల్లగొండ పద్ధతి యని మన తెలుగు జిల్లా పేరే నిలిచినది. నీటిలో తగుపాళ్లలో సున్నమును పటికయు కలిపి, మెల్లగా త్రిప్పి, తేరనిచ్చినచో పటిక పొరలు ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. పైనీటిని వడగట్టి వాడుకొనవలయును. పాళ్లు బావి బావికి మాఱును గనుక తెలిసినవారు కొలచి చెప్పిన గాని ఇంట ఉజ్జాయింపుగా చేయరాదు, పటిక యెక్కువైనచో అదియు హానియే. అడుగున మిగిలిన బురదను చేలో గాని బావి దగ్గఱ గాని పాఱబోయరాదు. ఈ శ్రమచేతనే ఆ పద్ధతి పెక్కుచోట్ల మూలబడినది.

ఇప్పుడు గ్రామముల నిండ పొరల ద్వారా నీటిని శుద్ధిచేయు ఆర్.ఓ. యంత్రములు వెలసినవి. అవి ఫ్లోరైడును చక్కగా తీయగలవు, పొరలను కాలమున మార్చిన యెడల. మార్చనిచో డబ్బాలో పోసి అమ్మునది బోరునీరే. అమ్మువారు నీటి తీపినిబట్టి మంచిదందురు. తీపి పరీక్ష కాదు. డబ్బానీటిని కూడ ఏటికి రెండుమాఱులు పరీక్షింపుమని అడుగుటకు కొనువారికి హక్కు కలదు. ఆ యంత్రము వదలు వ్యర్థజలమున ఫ్లోరైడు చిక్కబడి యుండును గనుక దానిని పశువుల తొట్టికి మళ్లించుట కూడదు.

అన్నిటికంటె నిశ్చింతయైనది పైనుండి వచ్చిన నీరు: వాననీరు, చెఱువునీరు, కాలువనీరు. వీనిలో ఫ్లోరైడు సాధారణముగా స్వల్పము. క్రిములకు మాత్రము కాచుకొనవలయును. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిమ్మట కుడికాలువ గుంటూరు సీమను తడిపి దర్శి ప్రాంతము వఱకు వచ్చినది. కనిగిరి వైపు మెట్టలు దాని పల్లమునకు అందలేదు. శ్రీశైలమునుండి కొండలను తొలిచి నీరు తెచ్చు వెలిగొండ పథకమున రెండవ సొరంగపు త్రవ్వకము 2024లో ముగిసినది. పథకములు వచ్చును, అవి వచ్చువఱకు నేడు అయిదేండ్లున్న బిడ్డ పండ్ల కణములు ఆగియుండవు.

అందుచేత మన సంఘమువంటి సంఘములు చేయగల పని యొకటి కలదు. ఎరువుల బస్తాలను, విత్తనములను ఊరుమ్మడిగా తెప్పించుకొను సభ్యులు ఊరి బావులన్నిటిని ఊరుమ్మడిగా పరీక్షింపజేయుట కష్టము కాదు. మెట్ట గ్రామములనుండి గుంటూరు చేలకు మిరప కోతలకు వచ్చు కూలీలకు ఇచ్చు నీరు ఏ బోరుదో రైతు తెలిసికొనుట కూడ ఇందులోనిదే. ఏ ప్రాణికిని త్రాగుటకు పనికిరాని బోరును పూడ్చనక్కఱలేదు. స్నానమునకు, బట్టలు ఉదుకుటకు ఆ నీరు వాడవచ్చును. త్రాగుటకును వంటకును మాత్రము వేఱు బావి నిర్ణయించి, రెంటికి రెండు రంగులు పూయించినచో చదువురాని ముసలమ్మకు, బడికి పోవు పిల్లవానికి కూడ తెలియును.

నీటిని గాజుసీసాలో పట్టరాదు. గాజుతో ఫ్లోరైడు కలియును. శుభ్రమైన ప్లాస్టికు సీసాను ఆ నీటితోనే మూడుమాఱులు తొలిచి, బోరు కొంతసేపు కొట్టిన తరువాత ఒక లీటరు పట్టి, గ్రామీణ నీటిసరఫరా శాఖవారి పరీక్షాశాలకు పంపవలయును. సీసాపై ఊరు, బావి యున్న చోటు, లోతు, పట్టిన తేదీ వ్రాయవలయును. నీటిమట్టముతో ఫ్లోరైడు మాఱుచుండును గనుక, వైశాఖమున బావులు అడుగంటినప్పుడు ఒకమాఱును, వానలు కురిసి నీరు నిండిన తరువాత కార్తికమున ఒకమాఱును పట్టుట మంచిది. రెండు లెక్కలలో పెద్దదానినే ఆ బావి లెక్కగా గోడపై వ్రాయింపవలయును.